అమ్మే బొమ్మలు, అమ్మకూడని మిత్రులు: హోపీ కట్సీనాల సంగతి

2013 ఏప్రిల్ 12న పారిస్‌లోని ద్రూవో వేలంశాలలో 70 పాత వస్తువులు అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన హోపీ తెగవారివి. తోలుతో చేసి, రంగులు పూసి, ఈకలు కట్టిన ఆ వస్తువులను వేలంవాళ్ళు ముసుగులు అన్నారు. అమ్మొద్దని హోపీలు వేడుకున్నారు. వాళ్ళ తరఫున సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కోర్టుకు వెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. వేలం జరిగిపోయింది, సుమారు 9 లక్షల 30 వేల యూరోలు వచ్చాయి.

ఇదే హోపీలు, తాము కట్సీనాలు అని పిలిచే ఆత్మల రూపంలో తమ చేతులతో చెక్కిన బొమ్మలను ఏళ్ళ తరబడి అమ్ముతున్నారు. వేలానికి ముందూ అమ్మారు, తరవాతా అమ్ముతున్నారు. మంచి కళాకారుడి బొమ్మ వేల డాలర్లు పలుకుతుంది. పారిస్‌లో అమ్ముడుపోయిన ముసుగులో ఉన్న ముఖమే ఈ బొమ్మకీ ఉండొచ్చు. అవే కళ్ళు, అవే రంగులు. మరి ఒకదాన్ని అమ్మితే అంత బాధ ఎందుకు? ఇంకొకదాన్ని వాళ్ళే ఎందుకు అమ్ముతున్నారు? బయటివాళ్ళు చాలామంది ఇక్కడే తికమకపడతారు. "మీరు అమ్మితే కళ, మేం అమ్మితే అపచారమా" అని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ వాదన తప్పని నా అభిప్రాయం. హోపీలు ఈ రెండింటి మధ్య ఒక గీత గీసుకున్నారు, దానికి బలమైన కారణాలున్నాయి. అవి అర్థం కావాలంటే బొమ్మను కాసేపు పక్కన పెట్టి వాన గురించి మాట్లాడుకోవాలి.

వాన తెచ్చేవాళ్ళు

హోపీల ఊళ్ళు అరిజోనా ఈశాన్య మూలన ఉన్నాయి. చుట్టూ నవాహో తెగవారి భూమి, మధ్యలో రిజర్వేషన్ అనే వీళ్ళ తెగ భూమి. మెసాలు అనే బల్లపరుపు కొండలు మూడింటి మీదా, వాటి అడుగునా ఇళ్ళు కట్టుకున్నారు. థర్డ్ మెసా మీది ఓరైబి గ్రామంలో 12వ శతాబ్దం నుంచి జనం ఖాళీ చేయకుండా ఉంటున్నారు. అమెరికా మొత్తంలో ఇంత పాత ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏడాదికి అక్కడ పడే వాన సుమారు 200 నుంచి 250 మిల్లీమీటర్లు. కరువు నేల అని మనం చెప్పుకునే అనంతపురంలో పడేదాంట్లో సగం కూడా కాదు.

ఆ నేలలో హోపీలు మొక్కజొన్న పండిస్తారు. ఎక్కువ చేలకు కాలువ నీళ్ళుండవు. అడుగున తేమ తగిలేదాకా గుంట తవ్వి గింజ వేస్తారు. కుదురుకీ కుదురుకీ మధ్య బాగా ఎడం వదులుతారు. చలికాలం మంచు నేలలో ఇంకాలి, వేసవి చివర నాలుగు మంచి జల్లులు పడాలి. ఏది తప్పినా ఆ ఏడాది గింజ ఉండదు. అందుకే వాళ్ళ మత జీవితం చాలావరకు వాన చుట్టూ అల్లుకుని ఉంటుంది. కట్సీనాలు అందులోకి వచ్చేది వాన తెచ్చేవాళ్ళుగానే.

కట్సీనా అనే పేరు వాడుకలో మూడింటికి కలిసిపోయింది. మొదటిది కంటికి కనపడని ఆత్మ. మేఘానికీ, జంతువుకీ, మొక్కకీ, నక్షత్రానికీ, పూర్వీకులకీ చెందిన శక్తి అది. మంచిగా బతికినవాళ్ళు మరణించాక మేఘాలై, కట్సీనాలై తిరిగివస్తారని హోపీల నమ్మకం. రెండోది ఊరి నడుమ ఆడే రూపం. ఏడాదిలో సగం కాలం కట్సీనాలు ఊళ్ళోకి వచ్చి ఆడతారు, పాడతారు, కానుకలిస్తారు, తప్పు చేసినవాళ్ళను మందలిస్తారు కూడా. మూడోది చెక్క బొమ్మ. దీన్ని హోపీలు తిహు అంటారు. బయటి ప్రపంచం మాత్రం బొమ్మనే కచీనా అని పిలవడం అలవాటు చేసుకుంది, అక్కడే మూడూ ఒకటైపోయాయి.

కట్సీనాలు దేవుళ్ళు కారు. హోపీలకు వాళ్ళు మనిషి ప్రార్థనను పైకి మోసుకెళ్ళే మధ్యవర్తులు, మిత్రులు. తిహు అసలే దేవుడి విగ్రహం కాదు. దానికి నైవేద్యం లేదు, ఆరాధన లేదు. విగ్రహం అనుకుని చూసే మన కంటికి ఇది వెంటనే మింగుడుపడదు, కానీ ఈ తేడా పట్టుకోకపోతే తరవాతి కథ ఏదీ అర్థం కాదు.

కట్సీనాలు వందల రకాలు. 1949లో హెరాల్డ్ కోల్టన్ అనే పరిశోధకుడు 266 రకాలకు అంకెలు వేసి జాబితా చేశారు. అది ముగిసిపోయే లెక్క కాదు. కొత్తవి వస్తుంటాయి, కొన్ని రావడం మానేస్తాయి, పొరుగు ప్యూబ్లో తెగల నుంచి వచ్చినవీ ఉన్నాయి.

పిల్ల చేతికి వచ్చే కానుక

కట్సీనాల ఇల్లు ఫ్లాగ్‌స్టాఫ్ ఊరి పక్కన ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు. హోపీ మెసాల మీద నుంచి చూస్తే నైరుతి దిక్కున దూరంగా కనిపిస్తాయి. అరిజోనాలో అన్నిటికన్నా ఎత్తైన హంఫ్రీస్ శిఖరం, 3,851 మీటర్లు, అక్కడే ఉంది. వేసవి మధ్యాహ్నం మబ్బులు ముందుగా కమ్మేది ఆ కొండల మీదే. అక్కడి నుంచి కట్సీనాలు చలికాలంలో ఊళ్ళోకి వస్తారు, జూలైలో తిరిగి వెళ్ళిపోతారు.

ఫిబ్రవరిలో పొవాముయా అనే పెద్ద పండుగ జరుగుతుంది. కివా అంటే నేలలోకి దిగి చేరే పూజల గది. బయట ఎముకలు కొరికే చలి ఉండగా, కివాల్లో నిప్పు వేడితో చిక్కుడు గింజలు మొలకెత్తిస్తారు. రాబోయే పంటకు అది భరోసా. తెల్లవారుజామున కట్సీనాలు ఆ పచ్చటి మొలకలు తెచ్చి పంచుతారు. ఆడపిల్లలకు తిహు బొమ్మలు, మగపిల్లలకు విల్లంబులు ఇస్తారు. జూలైలో వీడ్కోలు పండుగ నిమాన్ వస్తుంది. అప్పటికి తొలిపంట మొక్కజొన్న మొక్కలు పీకి తెస్తారు, వాటికి కట్టి బొమ్మలు ఇస్తారు. ఆ ఏడాది పెళ్ళయిన కొత్త కోడళ్ళు తెల్లటి పెళ్ళిబట్టలతో ఆ పండుగకు వస్తారు.

కివాల లోపల జరిగేవి దీక్ష తీసుకున్నవాళ్ళ సొంతం. వాటిని గురించి పాత పరిశోధకులు రాసినవి దొరుకుతాయి, నేను వాటిని ఇక్కడ తవ్వడం లేదు. హోపీలు వద్దన్నప్పుడు వద్దు.

పసిబిడ్డకు ఇచ్చే మొదటి బొమ్మ చాలా సాదాగా ఉంటుంది. పలక లాంటి చెక్క, దాని మీద రంగుల్లో ముఖం, ఒంటి మీద గీతలు. సాధారణంగా అది హహైయి వూతి, అంటే కట్సీనాల తల్లి. పిల్ల పెరిగే కొద్దీ బొమ్మ కూడా మారుతుంది. ముందు తలకు గుండ్రటి ఆకారం వస్తుంది, తరవాత ఒంటికి, చివరికి కాళ్ళూ చేతులూ ఉన్న నిండు రూపం. పిల్ల దాన్ని ఎత్తుకు తిరిగినా, ఆ తరవాత అది దారంతో గోడకో దూలానికో వేలాడుతుంది. రోజూ కళ్ళ ముందు ఉంటుంది. ఏ కట్సీనా ఎవరో, దేనికి వస్తాడో పిల్లకు అలా తెలుస్తుంది. అంతకన్నా పెద్ద విషయం ఏమిటంటే, ఆ బొమ్మ ఆ పిల్ల క్షేమం కోరే ప్రార్థన. ఆరోగ్యంగా ఎదగాలి, రేపు తల్లి కావాలి, ఆమె ఇల్లు పంటతో నిండాలి. హోపీల్లో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది, ఇల్లు ఆడవాళ్ళది. బొమ్మ ఆడపిల్లకే ఎందుకు వస్తుందో దీన్నిబట్టి ఊహించొచ్చు.

కాబట్టి తిహు విలువలో సగం చెక్కలో ఉంటే, మిగతా సగం దాన్ని ఇచ్చిన చేతిలోనూ ఇచ్చిన రోజులోనూ ఉంది. నా వాదనకు ఇదే మూలం. ఒక హోపీ తండ్రి అంగడి కోసం చెక్కిన బొమ్మ పొవాముయా తెల్లవారుజామున ఒక కట్సీనా చేతి నుంచి పిల్లకు అందలేదు. రూపం అదే కావచ్చు, ఆ ఇవ్వడం జరగలేదు. దాన్ని అమ్మడం వల్ల ఎవరి ప్రార్థనా అమ్ముడుపోదు.

వేరు, మట్టి, మసి

తిహు చెక్కేది కాటన్‌వుడ్ చెట్టు వేరుతో. కాండం పనికిరాదు, వేరే కావాలి. ఎండిన వాగుల ఒడ్డున పెరిగే ఆ చెట్టు వేళ్ళు నీటిని వెతుక్కుంటూ చాలా దూరం పోతాయి. వాన కోసం చేసే ప్రార్థనకు నీటిని వెతికే వేరు తగిందని హోపీలు చెబుతారు. పనివాడి వైపు నుంచి చూసినా అది మంచి ఎంపికే. వేరు తేలికగా ఉంటుంది, కత్తికి మెత్తగా లొంగుతుంది, కాండంలా తొందరగా చీలదు. వరదకు కొట్టుకొచ్చి ఎండిన వేళ్ళను ఏరుకొచ్చుకోవడం పాత అలవాటు. ఇప్పుడు మంచి వేరు దొరకడం కష్టమైంది, చాలామంది కొనుక్కుంటున్నారు.

పాత పద్ధతిలో కత్తితో చెక్కి, ఇసుకరాయితో రుద్ది నున్నగా చేస్తారు. పైన తెల్ల సుద్దమట్టి పూత వేస్తారు. దాని మీద రంగులు: ఎరుపు, పసుపు ఇనుము కలిసిన మట్టి నుంచి, నీలి ఆకుపచ్చ రాగి ఖనిజం నుంచి, నలుపు మసి నుంచి. రంగులకు దిక్కులున్నాయి. పసుపు వాయవ్యానికి, నీలి ఆకుపచ్చ నైరుతికి, ఎరుపు ఆగ్నేయానికి, తెలుపు ఈశాన్యానికి, నలుపు, అన్ని రంగులూ కలిసినదీ పై, కింది లోకాలకు. ముఖం రంగు చూస్తే ఆ కట్సీనా ఏ దిక్కు నుంచి వచ్చాడో తెలిసిపోతుంది. బుగ్గ మీద జంతువు పాదం గుర్తో, నక్షత్రమో, మబ్బుల మెట్లో ఉంటే ఇంకొంత తెలుస్తుంది. తెలిసినవాళ్ళకు ఈ బొమ్మ ముఖం ఒక రాత.

సరుకుగా మారిన కాలం

1540లో స్పెయిన్ సేనాని కొరొనాడో దండు నుంచి పేద్రో దె తొవార్ హోపీ ఊళ్ళకు వచ్చాడు. 1629 నుంచి ఫ్రాన్సిస్కన్ పాద్రీలు చర్చిలు కట్టి, కట్సీనా పూజలను సైతాను పని అని అణచాలని చూశారు. 1680లో ప్యూబ్లో తెగలన్నీ తిరగబడినప్పుడు హోపీలూ కలిశారు. మిగతాచోట్ల స్పెయిన్ మళ్ళీ పట్టు సాధించింది కానీ, మెసాల మీద పాద్రీలు తిరిగి నిలదొక్కుకోలేకపోయారు. కట్సీనాలు ఇన్ని శతాబ్దాలు నిలవడానికి అదో పెద్ద కారణం.

19వ శతాబ్దం చివర వచ్చిన పరీక్ష వేరే రకం. వాషింగ్టన్ నుంచి మ్యూజియంవాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చారు. జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ 1894లో ఈ బొమ్మల మీద ఒక అధ్యయనం ప్రచురించాడు, తరవాత హోపీ చిత్రకారుల చేతనే కట్సీనాల బొమ్మలు గీయించి 1903లో అచ్చు వేయించాడు. ఇది జరుగుతున్న రోజుల్లోనే, పిల్లలను ప్రభుత్వ బడికి పంపడానికి ఒప్పుకోలేదని 19 మంది హోపీ పురుషులను పట్టుకెళ్ళి 1895లో శాన్ ఫ్రాన్సిస్కో నగరం దగ్గరి ఆల్కట్రాజ్ దీవిలో నెలల తరబడి బంధించారు. పిల్లలకు బొమ్మలు చెక్కాల్సిన పెద్దలు జైల్లో, బొమ్మలు మ్యూజియం అద్దాల వెనక. ఈ రెండు వార్తలను నేను విడదీసి చదవలేను. 1921లో అయితే అమెరికా ప్రభుత్వం గిరిజనుల నాట్యాలనే కట్టడి చేయమని అధికారులకు సర్క్యులర్ పంపింది.

రైలు వచ్చాక టూరిస్టులు వచ్చారు. 1905 జనవరి 1న ఫ్రెడ్ హార్వీ కంపెనీ గ్రాండ్ కాన్యన్ అంచున హోపీ హౌస్ అనే దుకాణం తెరిచింది. మేరీ కోల్టర్ అనే ఆర్కిటెక్ట్ దాన్ని ఓరైబి ఇళ్ళ తీరులో కట్టించింది. బొమ్మ ఇక సరుకు. పారిస్‌లోని సర్రియలిస్టు కళాకారులకూ దీని పిచ్చి పట్టింది, ఆంద్రే బ్రెతాఁ, మాక్స్ ఎర్నస్ట్ ఇద్దరూ సేకరించారు. అరిజోనా సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ తన దగ్గరున్న నాలుగు వందలకు పైగా బొమ్మలను 1964లో ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియానికి ఇచ్చారు.

కొనేవాడు మారితే బొమ్మ కూడా మారుతుంది. పాత బొమ్మ స్తంభంలా నిటారుగా ఉండి, చేతులు పొట్టకు అంటుకుని ఉండేవి. దారంతో వేలాడేది కాబట్టి నిలబడే అవసరం లేదు. కొనేవాడికి అల్మారాలో నిలబెట్టే బొమ్మ కావాలి, అలా కాళ్ళ కింద పీఠం వచ్చింది. తరవాత చేతులు ఒంటి నుంచి విడివడ్డాయి, మోకాళ్ళు వంగాయి. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో బొమ్మ ఆట మధ్యలో ఆగినట్టుంది. కండరాలు, బట్ట మడతలు, వేలి గోళ్ళు కూడా చెక్కారు. పోస్టర్ రంగులు, అక్రిలిక్ వచ్చాయి. గద్ద, ఇతర అడవి పక్షుల ఈకల అమ్మకం చట్టరీత్యా నేరం కావడంతో కళాకారులు ఈకలనూ చెక్కలోనే చెక్కడం మొదలుపెట్టారు. ఆ నైపుణ్యం చూస్తే నోట మాట రాదు. 1970లలో మాన్‌ఫ్రెడ్ సుసుంకెవా వంటివాళ్ళు వెనక్కి తిరిగి, మట్టి రంగులతో, పీఠం లేకుండా, గోడకి తగిలించే సాదా బొమ్మ మళ్ళీ చేశారు. నాకు ఆ సాదా బొమ్మే ఇష్టం. నిశ్చలంగా ఉన్నా దానిలో ఏదో బిగువు ఉంటుంది.

అమ్మకం మీద హోపీల్లో ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. ఓరైబి గ్రామ పెద్ద విల్సన్ తవాక్వాప్తెవా 1960లో చనిపోయేదాకా బొమ్మలు చెక్కి టూరిస్టులకు అమ్మారు. ఆయన అమ్మిన బొమ్మలు ఏ నిజమైన కట్సీనాకూ సరిపోవు. ఒకదాని చెవులు, ఇంకొకదాని ముక్కు, ఎక్కడా లేని గీతలు. నిజమైన రూపాన్ని డబ్బుకు ఇవ్వకుండా, కుటుంబానికి నాలుగు డబ్బులు తెచ్చుకునే దారి అది. ఇంకోవైపు జిమ్మీ కెవాన్వితెవా ఫ్లాగ్‌స్టాఫ్ మ్యూజియంలో సందర్శకుల ముందే బొమ్మలు చెక్కి, అడుగున తన పొడి అక్షరాలు వేసేవారు. కట్సీనా ఇచ్చే కానుక మీద మనిషి పేరేమిటని తనవాళ్ళ నుంచే మాటలు పడ్డారు. ఇవాళ సంతకం లేని బొమ్మను కొనేవాళ్ళే అనుమానిస్తారు.

చట్టం అందేది ఎంతవరకు

1970ల నుంచి పొరుగున ఉన్న నవాహో పనివాళ్ళు కూడా కచీనా పేరుతో బొమ్మలు చేసి అమ్ముతున్నారు. తోలు, బొచ్చు, పూసలు అంటించి, ఒకే అచ్చులో వందలు చేసే తయారీ అది. కట్సీనాలు నవాహోల మతంలో లేవు. విదేశాల్లో తయారై వచ్చిన నకళ్ళు వీటికి తోడు. 1990లో వచ్చిన ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, ఒక తెగ చేయని వస్తువును ఆ తెగదని చెప్పి అమ్మితే మొదటిసారే ఐదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. చట్టం గట్టిదే, కానీ అది పట్టుకునేది అబద్ధాన్ని మాత్రమే. నవాహో చేసిందని నిజం చెప్పి అమ్మితే ఆ చట్టం కింద నేరం లేదు. రూపం ఎవరిది అన్న ప్రశ్న చట్టానికి అందలేదు.

ఇక పారిస్‌లో అమ్ముడుపోయినవి బొమ్మలు కావు. కట్సీనాలు ఊళ్ళోకి వచ్చినప్పుడు ధరించే పవిత్ర రూపాలవి. హోపీలు వాటిని మిత్రులు అంటారు. వాటికి ప్రాణం ఉందని నమ్ముతారు, వాటి బాగోగులు చూసుకునే బాధ్యత ఉన్న మనుషులుంటారు. ఆ మనిషికి కూడా అమ్మే హక్కు లేదు, ఎందుకంటే అవి తెగ మొత్తానివి. కాబట్టి వందేళ్ళ కిందట ఎవరో ఒకరు డబ్బు తీసుకుని ఇచ్చినా, అది హోపీ పద్ధతిలో అమ్మకం కానే కాదు. ఫ్రెంచి కోర్టు మాత్రం అవి మనుషుల దేహాలు కావు కాబట్టి అమ్మకం ఆపే ఆధారం లేదంది. 1990 నాటి మరో అమెరికా చట్టం ఇలాంటి పవిత్ర వస్తువులను మ్యూజియంలు తిరిగి ఇవ్వాలని చెబుతుంది, దాని చేయి అమెరికా దాటి పోదు. 2013 డిసెంబరులో పారిస్‌లో మరో వేలం జరిగింది. అమెరికాకు చెందిన ఆనెన్‌బర్గ్ ఫౌండేషన్ ఎవరికీ తెలియకుండా ఫోన్‌లో పాట పాడి, 5 లక్షల 30 వేల డాలర్లతో 24 వస్తువులు కొని, 21 హోపీలకు, 3 శాన్ కార్లోస్ అపాచీ అనే మరో తెగవారికి తిరిగి ఇచ్చింది. ఇలాంటి వస్తువులను దేశం దాటించడాన్నే నేరం చేస్తూ అమెరికాలో 2022 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది.

కట్సీనాల కొండ సంగతీ చెప్పాలి. శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాల మీద ఒక స్కీయింగ్ రిసార్ట్ ఉంది. ఫ్లాగ్‌స్టాఫ్ మురుగునీటిని శుద్ధి చేసి, దానితో కృత్రిమ మంచు తయారు చేస్తామని వాళ్ళు అనుమతి తెచ్చుకున్నారు. హోపీలు, నవాహోలు, ఇంకా పలు తెగలు కోర్టుకెక్కాయి. 2008లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఇది వాళ్ళ మనోభావాలకు కలిగే బాధే తప్ప మత స్వేచ్ఛ మీద భారం కాదంది. 2012 చివర ఆ మంచు కురిపించడం మొదలైంది. హోపీలు వేరే దారిలో వేసిన మరో దావాను అరిజోనా సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. వాన మీద ఆశతో వెయ్యేళ్ళుగా ఏ కొండ వైపు చూస్తున్నారో, ఆ కొండ మీద మురుగు నుంచి వచ్చిన మంచు పడుతోంది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, దాచుకోను.

కొనేవాళ్ళకు, వెళ్ళేవాళ్ళకు

ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. చుట్టాలు వస్తే గ్రాండ్ కాన్యన్, సెడోనా తిప్పడం మామూలే, ఆ దారుల్లోని దుకాణాల్లో ఈ బొమ్మలు కనిపిస్తాయి. కొనాలనిపిస్తే చేసినవారి పేరు, ఊరు, అది ఏ కట్సీనా అన్నది అడగండి. హోపీ బొమ్మ అయితే మూడింటికీ జవాబు దొరుకుతుంది. వీలైతే మెసాలకే వెళ్ళి, చేసినవాళ్ళ చేతి నుంచి కొనండి. ఊళ్ళో ఫోటో తీయడం, వీడియో తీయడం, బొమ్మ గీయడం నిషేధం, ఫోన్ లోపల పెట్టుకోవాలి. కట్సీనా నాట్యాలు చాలావరకు బయటివాళ్ళకు మూసేశారు. 1992లో మార్వెల్ కంపెనీ ఒక కామిక్‌లో కట్సీనా వేషాల్లో దుండగులను చూపించాక ఆ తలుపులు ఇంకా గట్టిగా పడ్డాయి. వేసవి చివర జరిగే సీతాకోకచిలుక నాట్యం లాంటివాటికి చాలాసార్లు అనుమతి ఉంటుంది, ముందుగా ఆ ఊరివాళ్ళను అడిగి తెలుసుకోవాలి.

పాత పద్ధతి బొమ్మ కొంటే దానికి పీఠం ఉండదు, వెనక దారం ఉంటుంది. ఎండ నేరుగా పడని గోడకి తగిలించండి. మట్టి రంగులు తేలిగ్గా చేతికి అంటుకుంటాయి, కాబట్టి తడిగుడ్డతో తుడవకండి.